స్కూటర్ వెనక క్యారియర్: కంపెనీదా, బయటిదా, పెట్టెనా, వెల్డింగా?

మామిడికాయల సీజన్లో నూజివీడు నుంచి విజయవాడ వస్తూ పెట్రోల్ బంకులో ఆగాను. నాది యాక్టివా 6జీ. దీనికి పెట్రోల్ మూత సీటు కింద ఉండదు, వెనక లైటు పైన ఉంటుంది. తాళం తిప్పి స్విచ్ నొక్కితే పైకి లేవాలి. లేచింది, అర అంగుళం. ఆ తర్వాత, ముందు రోజే ఇంట్లో కూర్చుని శ్రద్ధగా బిగించిన క్యారియర్ పలకకి తగిలి ఆగిపోయింది. "సార్, మూత రావట్లేదండీ" అన్నాడు బంకు అబ్బాయి. నా వెనక ఆరు బండ్లు. కాయల బుట్ట దించి, తాళ్ళు విప్పి, డిక్కీలో పానా వెతికి, రెండు బోల్టులు వదులు చేసి పలకని చేత్తో పైకెత్తి పట్టుకుంటే గానీ నాజిల్ దూరలేదు.

తప్పు క్యారియర్‌ది కాదు. అది 6జీకి ముందు వచ్చిన 5జీ మోడల్ కోసం చేసింది. 5జీ దాకా పెట్రోల్ మూత సీటు కిందే ఉండేది. షాపులో నేను "యాక్టివాకి ఇవ్వండి" అన్నాను, వాళ్ళు యాక్టివాకే ఇచ్చారు.

అందుకే ఏది కొనాలో చెప్పేముందు, కొనే ముందు బండి దగ్గర కూర్చుని ఏం చూసుకోవాలో చెప్తాను.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, మీరు మోసేది బరువైనదా, లేక జాగా ఎక్కువ తినేదా అన్నది. రెండూ ఒకటి కాదు. యాక్టివా 6జీకి ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 1260 మిల్లీమీటర్లు. క్యారియర్ నడిమి భాగం వెనక ఇరుసు కంటే ఇంకో 300 మిల్లీమీటర్లు వెనక్కి ఉందనుకోండి. అక్కడ 10 కిలోలు పెడితే వెనక చక్రం మీద పడేది 10 కాదు, దాదాపు 12.4 కిలోలు. ఆ పైన 2.4 కిలోలు ముందు చక్రం మీద నుంచి లేచిపోయిన బరువు. పిల్లల తూగుడుబల్ల ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. అదే చోట 26 కిలోల బియ్యం బస్తా పెడితే ముందు చక్రం ఆరు కిలోలకు పైగా తేలికవుతుంది. హ్యాండిల్ గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

కాబట్టి నా లెక్క ఇది: బరువైనది కాళ్ళ దగ్గర, తేలికగా ఉండి పెద్దగా ఉండేది వెనక. బియ్యం బస్తా, నీళ్ళ క్యాను ఫుట్‌బోర్డు మీదకి. బట్టల మూట, దుప్పట్లు, పూల బుట్ట, ఆకుకూరల సంచి, లాప్‌టాప్ బ్యాగు వెనక్కి. ఈ పద్ధతి ఒప్పుకుంటే మీకు కావాల్సిన క్యారియర్ మీరు ఊహించుకున్న దానికంటే చిన్నదే.

రెండోది, బోల్టు ఎక్కడికి వెళ్తోంది. సీటు ఎత్తి, పిలియన్ (వెనక కూర్చునే మనిషి) పట్టుకునే వెనక హ్యాండిల్ ఎక్కడ బిగిసిందో చూడండి. మెకానిక్‌లు గ్రాబ్ రైల్ అనేది దాన్నే. ఆ బోల్టులు ఛాసిస్‌కి, అంటే బండి ఇనుప చట్రానికి వెళ్తాయి. క్యారియర్ కూడా ఆ బోల్టుల మీదే కూర్చోవాలి. ప్లాస్టిక్ ప్యానెల్‌కి స్క్రూలు కొట్టి నిలబెట్టే రకం ఎంత చవకైనా వద్దు.

మూడోది పెట్రోల్ మూత, సీటు. పెట్రోల్ మూత బయట, వెనక ఉన్న బండ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. జూపిటర్ 125, 2024లో వచ్చిన కొత్త జూపిటర్ 110 లాంటి వాటికి పెట్రోల్ ముందు వైపే పోస్తారు కాబట్టి వాళ్ళకి ఈ టెన్షన్ లేదు. సీటు పూర్తిగా పైకి లేచినప్పుడు క్యారియర్‌కి తగలకుండా ఉందా అన్నదీ చూడాలి. పెట్టె పెట్టేవాళ్ళు ఇది మరీ చూడాలి.

నాలుగోది వెనక కూర్చునేవాళ్ళు. ఇది మగవాళ్ళు సాధారణంగా మర్చిపోతారు. చీర కట్టుకుని ఒక వైపుకి కూర్చునే మనిషి కుడి చేయి నడిపేవాళ్ళ భుజం మీద, ఎడమ చేయి వెనక హ్యాండిల్ మీద ఉంటుంది. మీరు ఆ హ్యాండిల్ మీద పలక పరిచేస్తే ఆ ఎడమ చేతికి పట్టు పోయినట్టే. హ్యాండిల్ తీసేసి పెట్టే క్యారియర్ అయితే దాని అంచుకి వేళ్ళు చుట్టి పట్టుకోగలిగే గుండ్రటి పైపు ఉండాలి. మోటారు సైకిళ్ళకి పిలియన్ కోసం శాశ్వతమైన చేతి పట్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెప్తుంది. నిబంధన సంగతి సరే, మా ఆవిడ ఒక్కసారి స్పీడ్ బ్రేకర్ దగ్గర పట్టు దొరక్క నా చొక్కా కాలర్ పట్టుకుంది. నాకు అది చాలు.

ఇక లైటు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు. క్యారియర్ ఒక్కటే కాదు, దాని మీద కట్టిన సంచి అంచు వేలాడి నంబరు కప్పినా చలానా ఇంటికొస్తుంది. వెనక నుంచి ఫొటో తీసేది ఆ నంబరునే కదా.

ఒక చూపులో

| రకం | ఖర్చు | ఇంట్లో బిగించడం | వెనక కూర్చునేవాళ్ళకి | దేనికి బాగుంటుంది |
|---|---|---|---|---|
| కంపెనీ యాక్సెసరీ | ఎక్కువ | తేలిక, రంధ్రాలు కలుస్తాయి | ఇబ్బంది లేదు | వారంటీలో ఉన్న కొత్త బండి |
| బయటి బోల్టు క్యారియర్ | తక్కువ | గంట పని, కాస్త సర్దుబాటు | చూసి కొంటే ఇబ్బంది లేదు | ఇంటి సరుకులు, మూటలు |
| పలక, తాళం పెట్టె | అన్నిటికన్నా ఎక్కువ | రెండు అంచెల పని | వీపుకి తగలొచ్చు | ఆఫీసు, హెల్మెట్, వాన |
| వెల్డింగ్ షాపులో చేయించినది | మధ్యస్థం | బిగించడం మీది, చేయడం వాళ్ళది | మీరు చెప్పినట్టు | రోజూ ఒకే రకం సామాను |
| ఏమీ పెట్టకపోవడం | దాదాపు లేదు | అవసరం లేదు | అసలే ఇబ్బంది లేదు | నెలకి ఒకటి రెండుసార్లు |

కంపెనీ యాక్సెసరీ

షోరూంలో మీ మోడల్‌కి క్యారియర్ ఉందా అని ముందు అడగండి. చాలాసార్లు యాక్సెసరీల లిస్టులో గార్డులు, మ్యాట్లు, సీటు కవర్లే ఉంటాయి. ఉంటే మాత్రం బోల్టులు, బుష్‌లు అన్నీ కలిపి వస్తాయి, పెట్రోల్ మూత లేస్తుంది, బిల్లు ఉంటుంది. బండి ఇంకా వారంటీలో ఉంటే ఆ బిల్లు విలువ క్యారియర్ కంటే ఎక్కువ. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు. దొరికితే, డబ్బు ఇబ్బంది కాకపోతే తీసుకోండి.

బయట దొరికే బోల్టు క్యారియర్

ఎక్కువమంది కొనేది ఇదే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. ఇందులో రెండు రకాలు. ఒకటి పాత హ్యాండిల్ తీసేసి అదే రంధ్రాలకి బిగించేది. రెండోది హ్యాండిల్‌ని ఉంచి, దాని మీద యు ఆకారం క్లాంపులతో పట్టించేది.

క్లాంపు రకం బిగించడానికి పది నిమిషాలు చాలు, అదొక్కటే దాని గొప్ప. గుండ్రటి పైపు మీద క్లాంపు ఎంత బిగించినా, గుంతల రోడ్డు మీద బరువుకి మెల్లగా వెనక్కి తిరుగుతుంది. నెల తిరిగేసరికి పలక కిందికి వాలి ఉంటుంది. మీ హ్యాండిల్ అల్యూమినియం పోతది అయితే అసలు వద్దు. క్లాంపు గట్టిగా బిగిస్తే పోత చిట్లిపోవచ్చు, వదులుగా ఉంచితే నిలబడదు. పూల బుట్ట, లాప్‌టాప్ లాంటి మూడు నాలుగు కిలోలకి మాత్రమే క్లాంపు రకం.

హ్యాండిల్ రంధ్రాలకి బిగిసే రకమే నేను చెప్పేది. షాపులో కొనేటప్పుడు బాక్సులోంచి తీయించి ఇవి చూడండి. వెల్డింగ్ చుట్టూ ఉందా, లేక రెండు చుక్కలు పెట్టి రంగు కొట్టేశారా? పైపు చివర్లు మూసి ఉన్నాయా? తెరిచి ఉంటే వాన నీళ్ళు లోపలికి పోయి, పైన నల్లగా నిగనిగలాడుతుండగానే లోపల తుప్పు పట్టి ఒకరోజు విరుగుతుంది. బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కాస్త సాగి ఉంటే మంచిదే, సర్దుకోవడానికి వీలుంటుంది. చివరగా రెండు చేతులతో పట్టుకుని గుడ్డ పిండినట్టు తిప్పండి. మెలిక పడితే అక్కడే వదిలేయండి.

షాపువాళ్ళకి బండి పేరు ఒక్కటే చెప్పకండి. తయారైన సంవత్సరం, మోడల్, పెట్రోల్ మూత ఎక్కడుందో కూడా చెప్పండి. ఇంకా మంచిది, బండి షాపు ముందు ఆపి పలక దాని మీద పెట్టి చూసుకోవడం. నేను చేయనిది అదే.

పలక మీద తాళం పెట్టె

రోజూ ఆఫీసుకి వెళ్ళి, హెల్మెట్ ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని లిఫ్టు ఎక్కేవాళ్ళ కోసం ఇది. 30 లీటర్ల పెట్టెలో ముఖమంతా కప్పే నిండు హెల్మెట్ ఒకటి పడుతుంది. రెండు కావాలంటే 45 లీటర్ల దగ్గర చూడాలి. వానలో కాగితాలు తడవవు, సిగ్నల్ దగ్గర ఎవరూ చేయి పెట్టరు.

దీనికి ఇచ్చుకునేది కూడా ఉంది. ఖాళీ పెట్టే మూడు నాలుగు కిలోలు ఉండొచ్చు, అదీ ఎత్తు మీద, ఇరుసు వెనక. పెట్టెల మీద 3 కిలోలు, 10 కిలోలు అని పరిమితి రాసి ఉంటుంది. ఎవరూ చదవరు, చదవండి. వెనక మనిషి కూర్చుంటే పెట్టె వీపుకి తగులుతుంది. కొందరికి అది ఆనుకోవడానికి బాగుంటుంది, కొందరికి ప్రతి గుంతకీ ఒక గుద్దు. కొనేముందు ఇంట్లో మనిషిని కూర్చోబెట్టి, వెనక అట్టపెట్టె పట్టుకుని చూడండి. నవ్వుతారు గానీ పని జరుగుతుంది.

కొలతల విషయానికొస్తే, 2020లో నిబంధనలకి చేసిన సవరణ ప్రకారం ఇలాంటి తేలిక పెట్టె పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు. పెట్టె పిలియన్ కూర్చునే చోట ఉంటే ఇక బండి మీద నడిపేవాళ్ళు ఒక్కరే ఉండాలి. పిలియన్ వెనక ఉంటే ఇద్దరూ వెళ్ళొచ్చు.

వెల్డింగ్ షాపులో చేయించుకోవడం

విజయవాడ ఆటోనగర్‌లో అయినా, మీ ఊరి బస్టాండు పక్కన షెడ్డులో అయినా, బండి చూసి పైపు వంచి సాయంత్రానికి ఇచ్చేస్తారు. రోజూ ఒకే సామాను మోసేవాళ్ళకి దీన్ని మించింది లేదు. బ్లౌజులు కుట్టి షాపులకి వేసేవాళ్ళ మూట, పూలమ్మేవాళ్ళ బుట్ట, ఎలక్ట్రీషియన్ డ్రిల్లు పెట్టె, దేని కొలత దానికి.

అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. క్యారియర్‌ని బండి మీద పెట్టి అక్కడే వెల్డింగ్ కొడతామంటే ఒప్పుకోకండి. "రెండు చుక్కలే సార్" అంటారు. ఒక్క చుక్క కూడా వద్దు. చాలా స్కూటర్లకి పెట్రోల్ ట్యాంకు సరిగ్గా ఆ చోటే, సీటు వెనక కింద ఉంటుంది. దానికి తోడు బ్యాటరీ తీయకుండా కొడితే ఎలక్ట్రానిక్ భాగాలు కాలిపోవచ్చు. ఇంట్లో దళసరి అట్ట ముక్క హ్యాండిల్ బోల్టుల మీద పరిచి, రంధ్రాలు పెన్నుతో గుర్తుపెట్టి, పెట్రోల్ మూత లేచే జాగా కత్తిరించి, ఆ అట్ట షాపుకి ఇవ్వండి. వాళ్ళు దాని మీద చేస్తారు, మీరు ఇంటికొచ్చి బిగించుకుంటారు. రంగు కొట్టేముందు రెడ్ ఆక్సైడ్ వేయమని అడగండి. లేకపోతే మొదటి వానాకాలానికే చిలుము.

ఇంకో లోపం ఉంది. వెల్డింగ్ షాపులో గట్టిగా ఉండాలని లావు ఇనుము వాడతారు. క్యారియరే ఐదు కిలోలు తూగితే మీరు మోయాల్సిన దాంట్లో సగం అదే తినేసింది.

అసలు వద్దనుకోవడం

నెలకి ఒకసారి రైతు బజారుకి వెళ్ళేవాళ్ళకి క్యారియర్ అనవసరం. ఫుట్‌బోర్డు, ముందు హుక్కు, డిక్కీ, హుక్కుల రబ్బరు తాడు ఒకటి చాలు. అటు చివర ఉన్నవాళ్ళకీ ఇదే మాట. రోజూ పాల క్యాన్లో, గడ్డి మోపులో వేసేవాళ్ళు స్కూటర్‌కి క్యారియర్ వెతకడం కంటే టీవీఎస్ ఎక్సెల్ 100 మోపెడ్ లాంటి బండి చూసుకోవడం మేలు. దానికి 130 కిలోల దాకా మోసే లెక్క కంపెనీయే ఇచ్చింది.

ఎలక్ట్రిక్ స్కూటర్లవాళ్ళకి చిన్న హెచ్చరిక. కొత్తగా ఎక్కడా రంధ్రం చేయకండి, వెల్డింగ్ ఊసే ఎత్తకండి. కంపెనీ ఇచ్చిన రంధ్రాలకి బిగిసేది దొరికితే సరే, లేకపోతే డిక్కీతో సరిపెట్టుకోండి. ఏథర్ రిజ్టా లాంటి వాటికి సీటు కిందే 34 లీటర్ల జాగా ఉంది, చాలా ఇళ్ళకి అది చాలు.

ఇంట్లో బిగించేటప్పుడు

బండి సెంటర్ స్టాండు మీద, చదునైన నేల మీద. సీటు ఎత్తి హ్యాండిల్ బోల్టులు చూడండి. ఎక్కువగా 8 ఎం.ఎం. బోల్టులే. ఇక్కడ ఒక తమాషా ఉంది: బండితో వచ్చిన 8 ఎం.ఎం. బోల్టు తలకి తరచుగా 12 పానా పడుతుంది, హార్డ్‌వేర్ షాపులో కొన్న 8 ఎం.ఎం. బోల్టుకి 13. అందుకని 12-13 పానా ఒకటి దగ్గరుంచుకోండి. లోపలికి ఉన్న బోల్టులకి టీ పానా లేక సాకెట్ కావాలి. బోల్టు తుప్పు పట్టి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి పావుగంట టీ తాగి రండి. బలవంతం చేస్తే తల అరిగిపోతుంది.

బోల్టు తీసినప్పుడు ప్లాస్టిక్ ప్యానెల్ రంధ్రంలో చిన్న ఇనుప బుష్ ఉందేమో చూడండి. ఉంగరంలా ఉంటుంది, జారి లోపల పడిపోతుంది. బిగించే బరువు ప్లాస్టిక్ మీద పడకుండా ఆపేది అదే. అది లేకుండా బిగిస్తే ప్యానెల్ మొదట నొక్కుకుపోతుంది, తర్వాత బోల్టు చుట్టూ జుట్టు పోగు లాంటి పగులు వస్తుంది.

హ్యాండిల్ ఉంచి దాని కిందో పైనో క్యారియర్ పట్టీ పెడితే, ఆ పట్టీ మందం మేర పాత బోల్టు పొట్టిదవుతుంది. పట్టీ 3 ఎం.ఎం., వాషర్ ఒకటిన్నర ఎం.ఎం. అయితే పాతదాని కంటే 5 ఎం.ఎం. పొడుగున్న బోల్టు కొనండి. మరీ పొడుగు కొంటే లోపల దేనికో తగులుతుంది. రంధ్రంలో అగరుబత్తి పుల్ల దూర్చి లోతు చూసుకోండి. త్రెడ్డు (బోల్టు మరల మధ్య దూరం) 1.25 అని అడగండి, పాత బోల్టు చేతిలో పట్టుకెళ్తే ఇంకా నయం.

బోల్టులన్నీ ముందు చేత్తోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించండి. ఒకటి పూర్తిగా బిగించేస్తే రెండోది రంధ్రానికి అందదు, అప్పుడు సుత్తి గుర్తొస్తుంది. అన్నీ ఎక్కాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి. స్ప్రింగ్ వాషర్ చదునైన తర్వాత ఇంకో పావు చుట్టు చాలు. ఇనుము ఇనుముకి తగిలే చోట పాత సైకిల్ ట్యూబు ముక్క పెడితే శబ్దం రాదు.

బిగించాక పెట్రోల్ మూత తెరవండి. సీటు పూర్తిగా ఎత్తండి. బ్రేకు నొక్కి, వెనక్కి నడిచి లైటు చూడండి. క్యారియర్‌ని పట్టుకుని ఊపితే బండి మొత్తం ఊగాలి, క్యారియర్ ఒక్కటే ఊగకూడదు. వంద కిలోమీటర్లు తిరిగాక పానా మళ్ళీ ఒకసారి పెట్టండి, ఎక్కడో ఒక బోల్టు పావు చుట్టు తీసుకుంటుంది. సామాను వేసిన రోజున వెనక టైరు గాలి చూసుకోండి. యాక్టివాకి ఒక్కరైతే 29 పీఎస్ఐ, ఇద్దరైతే 36. వెనక మూట ఉంటే నేను ఇద్దరి లెక్కే పెడతాను.

ఎవరికి ఏది

ఇంట్లో ఇద్దరు నడిపే ఒకే స్కూటర్, వారానికి రెండు మూడుసార్లు సరుకులు అంటే హ్యాండిల్ రంధ్రాలకి బిగిసే బోల్టు క్యారియర్. ఒంటరిగా ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి పెట్టె, కానీ సాయంత్రం పిల్లల్ని ట్యూషన్ నుంచి తెచ్చేదీ అదే బండి అయితే పెట్టె వద్దు. పిల్లలు దాన్ని గుర్రం కళ్ళెంలా లాగుతారు. చిన్న వ్యాపారం ఉన్నవాళ్ళు వెల్డింగ్ షాపుకి, అట్ట ముక్క చంకలో పెట్టుకుని వెళ్ళండి. బండి కొని ఏడాది కాకపోతే షోరూంలో అడగకుండా బయట కొనకండి.

నా పాత క్యారియర్ ఏమైందంటారా? మా బావమరిదిది 5జీ. వాళ్ళింటి అరుగు మీద కూర్చుని పది నిమిషాల్లో బిగించాం. ఒక్క బోల్టు కూడా మార్చలేదు.